పేగుల్లో ఉండే ఈ.కోలై బావిలో ఉంటే భయమెందుకు?

పెన్నా ఒడ్డున, కోవూరు దగ్గర మీ బావి నీటిలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉందని పరీక్షలో తేలిందన్నారు. అది మన పేగుల్లోనే ఉంటుంది కదా అని మీ సందేహం.

నిజమే. 1885లో జర్మన్ వైద్యుడు ఎషెరిక్ వర్ణించిన ఈ బ్యాక్టీరియాలో చాలా రకాలు హాని చేయవు. పేగుల్లో చోటు ఆక్రమించి చెడ్డ క్రిములను నిలవనీయవు, కొంత విటమిన్ కె తయారుచేస్తాయి. వీటితో చిక్కు చోటు మారితేనే: మూత్ర ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం దీని పనే. ఓ157 వంటి కొన్ని రకాలైతే విషం విడుదల చేసి నెత్తుటి విరేచనాలు తెప్పిస్తాయి, పిల్లల మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

బావిలో కనబడిందంటే మలం కలిసిందని అర్థం. వెంట టైఫాయిడ్ క్రిములూ ఉండవచ్చు; నాకైతే అసలు భయం వాటితోనే. క్లోరిన్ కలిపి మళ్లీ పరీక్షించేవరకు నీళ్లు మరిగించి తాగండి. మరుగుదొడ్డి గుంత బావికి ఎంత దూరంలో ఉందో కూడా చూడండి.