మీరడిగారు: కళలు నేర్చుకునే పిల్లలకు పదిమంది ఇచ్చే స్కాలర్‌షిప్

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. బొమ్మలు బాగా వేస్తుంది. మేముండే చోట ఒక సంఘం కళల్లో ప్రతిభ ఉన్న పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తామని దరఖాస్తులు అడిగింది. తనేమో "అందరి ముందూ చేయి చాచినట్టుంటుంది, నాకొద్దమ్మా" అంటోంది. పైగా పోర్ట్‌ఫోలియో (వేసిన బొమ్మల్లోంచి ఎంచి చూపే కట్ట) పెట్టాలట, తన గురించి ఒక పేజీ రాయాలట. ఏం పెట్టాలో ఏం రాయాలో తెలియక ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి మనసులో మాట సంగతి చూద్దాం, అది తేలకపోతే నేను ఎంత చెప్పినా ఆ దరఖాస్తు సగం మనసుతోనే రాస్తుంది. మరియన్ ఆండర్సన్ అని గొప్ప గాయని, 1897లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. ఆరేళ్లకే చర్చి బృందంలో పాడేవారు. పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయారు, ఇంట్లో సంగీతం చెప్పించే స్థోమత లేదు, ఒక సంగీత పాఠశాలకు వెళితే "నల్లవాళ్లను చేర్చుకోం" అని తిప్పి పంపేశారు. అప్పుడు ఆ చర్చివాళ్లే తలా కొంత వేసుకుని గురువు ఫీజు కట్టారు. 1939లో ఆవిడ వాషింగ్టన్‌లోని లింకన్ మెమోరియల్ మెట్ల మీద పాడుతుంటే వినడానికి 75 వేల మంది వచ్చారు. నాకు అంతకన్నా ఇష్టమైన సంగతి ఇంకోటుంది: 1941లో తనకు 10 వేల డాలర్ల పురస్కారం వస్తే, ఆ డబ్బుతో కొత్త గాయకులకు సాయపడే నిధి పెట్టారు. ఆ చర్చివాళ్లు ఇచ్చింది భిక్ష అని ఎవరైనా అనగలరా? ఇది మీ అమ్మాయికి చెప్పి చూడండి.

ఇక పోర్ట్‌ఫోలియో. వేసినవన్నీ పెట్టేయకండి. ఎన్ని అడిగితే అన్నే, అన్నిటికన్నా గట్టిది ముందు, రెండో గట్టిది చివర. ఫొటో చూసి యథాతథంగా దించిన బొమ్మలు తగ్గించి, ఎదురుగా ఉన్న మనిషినో వస్తువునో చూసి వేసినవి ఎక్కువ పెట్టండి, ఎందుకంటే చూసే కన్ను ఎంత పదునుగా ఉందో వాటిలోనే తెలుస్తుంది. రఫ్ స్కెచ్ పుస్తకంలోంచి ఒకటి రెండు పేజీలు తప్పకుండా ఉండాలి, కొట్టివేతలతో సహా. ఫొటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి ఎదురుగా నిటారుగా పట్టుకుని తీయండి, ఫిల్టర్లు వద్దు. (పాటో నాట్యమో అయితే ఎడిటింగ్ లేకుండా ఒకే టేకులో రికార్డు చేయాలి, నాట్యంలో పాదాలు ఫ్రేములో కనబడాలి. పాదాలు కనబడని వీడియో చూసి నాట్యం గురించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు!)

తన గురించి రాసే పేజీలో "చిన్నప్పటి నుంచీ నాకు కళలంటే ప్రాణం" అని మొదలుపెట్టవద్దనండి, అందరూ అదే రాస్తారు. ఏ బొమ్మ దగ్గర ఆగిపోయింది, చేతులు వేయడం రాక ఎన్నిసార్లు చెరిపింది, ఈ డబ్బొస్తే ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటుంది, దానికి ఎంతవుతుంది, అది రాయాలి. ఖర్చు లెక్కలో ఫీజుతో పాటు రంగులు, కాగితం, రానూపోనూ చార్జీలు కూడా వేయండి. వీటికి డబ్బు చాలక మధ్యలో మానేసే పిల్లలు ఎందరో. గురువుగారి సిఫారసు లేఖ కావాలంటే కనీసం నెల ముందే అడగండి, రేపటికి కావాలంటే ఆయన రెండు ముక్కలే రాసిస్తారు. అన్నీ మీరే రాసిపెట్టకండమ్మా, 16 ఏళ్ల పిల్ల మాట వేరుగా ఉంటుంది, చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: మేం కొందరం కలిసి ఇలాంటి స్కాలర్‌షిప్ మొదలుపెట్టాం. చేతిలో ఉన్నది కొద్ది మొత్తం. పదిమందికి తలా కొంచెం ఇద్దామని కొందరు, ఇద్దరికే ఇద్దామని కొందరు. ఎంపికలో ఎవరి బంధువులను వాళ్లు వెనకేసుకొస్తారేమోనని భయం కూడా ఉంది.
— ఒక కమిటీ సభ్యుడు

జవాబు: ఇద్దరికే ఇవ్వండి. పదిమందికి పంచితే పది ఫొటోలొస్తాయి, ఎవరి చదువూ సాగదు. కనీసం ఏడాది ఫీజు పూర్తిగా ఇవ్వగలిగితేనే అది స్కాలర్‌షిప్, లేకపోతే బహుమతి. బహుమతి తప్పని కాదు, దాని పని వేరు. డబ్బు నేరుగా గురువుకో శిక్షణ సంస్థకో కట్టి, రంగులకూ వాయిద్యం మరమ్మతుకూ కొంత మాత్రం పిల్లల చేతికివ్వండి.

మొదటి ఏడాది అయ్యాక ఏమిటన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి. నీనా సిమోన్ అని పేరున్న అమెరికన్ గాయని, పియానో కళాకారిణి. అసలు పేరు యూనిస్ వేమన్. 1933లో ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టిన ఆ అమ్మాయికి పియానో పాఠాల డబ్బు మొదట వాళ్లమ్మ పనిచేసే ఇంటావిడ కట్టింది, తర్వాత యూనిస్ పేరనే ఒక నిధి పెట్టి ఊరివాళ్లు చందాలేశారు. ఆ డబ్బుతో 1950 వేసవిలో న్యూయార్క్‌లోని పేరున్న సంగీత పాఠశాల జూలియార్డ్ దాకా వెళ్లగలిగింది. ఫిలడెల్ఫియాలో ఫీజుల్లేని కర్టిస్ సంగీత సంస్థలో సీటు వస్తే ముందుకు సాగొచ్చన్నది ఆలోచన, 1951లో ఆ సీటు రాలేదు, డబ్బూ అయిపోయింది. ఊరి తప్పేం లేదు, చేయగలిగినంతా చేశారు. కానీ మీ నిధిలో నాలుగో వంతు పక్కన పెట్టి, మొదటి ఏడాది బాగా నేర్చుకున్నవాళ్లకు రెండో ఏడాదికి ఇస్తామని ముందే చెప్పండి.

బంధువుల సంగతి సులువే. దరఖాస్తులు తెరవకముందే దేనికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసుకోండి. తమవాళ్లు పోటీలో ఉన్న సభ్యుడు ఆ ఏడాది ఎంపికలో కూర్చోకూడదు. బొమ్మలకైతే పేర్లు తీసేసి నంబర్లు వేయండి, పాటకైతే రికార్డింగు వినిపించండి, మనిషి కనబడక్కర్లేదు. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు (వాద్య బృందాలు) 1970ల నుంచి, చేరడానికి వచ్చినవాళ్లను తెర వెనక కూర్చోబెట్టి వాయించి చూపమనడం మొదలుపెట్టింది ఇందుకే. కుటుంబ ఆదాయం మాత్రం ప్రతిభకు మార్కులు వేసేశాకే చూడండి, ముందే చూస్తే జాలి మార్కులు పడతాయి, అది ఆ పిల్లలకే అవమానం.

ప్రశ్న: రెండుసార్లు దరఖాస్తు చేశాను, రాలేదు. ఇక నాకు మృదంగం రాసిపెట్టిలేదేమో.
— 19 ఏళ్ల యువకుడు

జవాబు: తమ్ముడూ, ఆ కమిటీవాళ్లు చెప్పింది ఈసారి డబ్బు ఇంకొకరికిచ్చామని, అంతే. పైన చెప్పిన నీనా సిమోన్‌ను కాదన్న కర్టిస్ సంస్థే 2003లో, ఆవిడ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు గౌరవ పట్టా ప్రకటించింది. నువ్వు ఈ వారమే కమిటీకి ఉత్తరం రాసి, ఎక్కడ తగ్గిందో రెండు మాటల్లో చెప్పమని అడుగు, చాలామంది చెబుతారు. మీ గురువుగారికి పరిస్థితి దాచకుండా చెప్పి, ఫీజు కొంతకాలం ఆగగలరేమో కనుక్కో. ఇప్పుడు వాయించేది తేదీతో సహా రికార్డు చేసి పెట్టుకో, మళ్లీ ఆరు నెలలకు అదే తాళంలో అదే పాఠం రికార్డు చెయ్యి. మూడోసారి దరఖాస్తులో ఆ రెండూ పక్కపక్కనే పెట్టు.