క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ చదువు: ఈ రెండేళ్లలో దేని మీద దృష్టి పెట్టాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ తర్వాత విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. ఇప్పుడు ఎమ్మెస్సీ నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. కోర్సు అయ్యాక మళ్లీ స్టాఫ్ నర్సు ఉద్యోగమే దక్కుతుందని సీనియర్లు అంటున్నారు. ఇది మానేసి నర్సింగ్ ఆఫీసర్ పరీక్షలకు చదవమని అమ్మానాన్న పట్టుబడుతున్నారు. ఈ రెండేళ్లలో ఏ నైపుణ్యాలు సంపాదించుకోవాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా

జవాబు: మీ సీనియర్ల మాటను కొట్టిపారేయలేము. రోగిని స్వయంగా అంచనా వేసి, నిర్ణీత ప్రొటోకాల్ పరిధిలో చికిత్సలో పాలుపంచుకునే నర్సు (నర్స్ ప్రాక్టీషనర్) కోసం భారత నర్సింగ్ మండలి ఈ కోర్సును ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీ పద్ధతిలో రూపొందించినప్పటికీ, ప్రభుత్వ నియామకాలు ప్రధానంగా నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకే జరుగుతున్నాయి. వాటికి మీ బీఎస్సీ చాలు. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం 2023లో కొత్త చట్టం వచ్చింది గానీ, చట్టం వచ్చినంత మాత్రాన ఆసుపత్రుల్లో కొత్త హోదాలు పుట్టవు. కాబట్టి పట్టా చూసి ఎవరో పిలిచి పెద్ద ఉద్యోగం ఇస్తారన్న ఆశతో ఈ కోర్సు చదవడం సరికాదు. అలాగని మానేయమని కూడా నేను చెప్పను. ఎందుకంటే ఈ కోర్సులో దాదాపు 80 శాతం సమయం రోగుల దగ్గరే గడుస్తుంది, అందులో మీకు దక్కేదంతా ఆ సమయాన్ని మీరు వాడుకునే తీరు మీదే ఆధారపడి ఉంటుంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. సిబ్బంది తక్కువగా ఉన్న ఐసీయూలో రెసిడెంటును అదనపు స్టాఫ్ నర్సుగా వాడుకోవడం చాలా తేలిక. మందులు ఎక్కించడం, చార్టు నింపడం, గొంతులోని కఫం లాగడం (సక్షన్) మీకు ఇంతకుముందే వచ్చు. అవే మరో రెండేళ్లు చేస్తే సీనియర్లు చెప్పినట్టే జరుగుతుంది. మీరు నేర్చుకోవలసింది రోగిని పరీక్షించి, ఏం జరుగుతోందో అంచనా వేసి, తర్వాత ఏం చేయాలో కారణంతో సహా డాక్టరు ముందు ప్రతిపాదించడం.

ఉదాహరణకు, ఇద్దరు రోగుల ఏబీజీ (ధమని రక్తంలోని వాయువులు, ఆమ్లత్వం చూపే పరీక్ష) రిపోర్టుల్లోనూ కార్బన్ డయాక్సైడ్ 60 ఉందనుకుందాం. మొదటి ఆయన ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న వ్యక్తి, పీహెచ్ 7.36, బైకార్బొనేట్ 33. రెండో ఆమె ఉబ్బసం తీవ్రమై గంట క్రితం చేరిన యువతి; పీహెచ్ 7.26, బైకార్బొనేట్ 26. మొదటి ఆయన శరీరం బైకార్బొనేట్‌ను పెంచుకుని పీహెచ్‌ను దాదాపు మామూలుగా నిలుపుకుంది, అంటే ఆ 60కి ఎప్పుడో అలవాటు పడింది. ఆయనకు ఆక్సిజన్ పెంచి సాచురేషన్‌ను (రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని) 99కి చేర్చడం మేలు కాదు, 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. రెండో ఆమె మాత్రం ఊపిరి తీసి తీసి అలసిపోతోంది. ఆమె ప్రశాంతంగా కనిపిస్తే అదే భయపడవలసిన సూచన, ఇన్‌టెన్సివిస్టును (ఐసీయూ నిపుణ వైద్యుణ్ని) ఆ క్షణమే పిలవాలి. రిపోర్టు రాగానే కేస్‌షీటులో అంకెలు ఎక్కించి ఊరుకునే నర్సుకూ, ఆ తేడాను అర నిమిషంలో ఫోనులో వివరించగల నర్సుకూ మధ్య ఉన్న దూరమే మీ కోర్సు. రోజుకు కనీసం ఒక ఏబీజీని, ఒక ఛాతీ ఎక్స్‌రేను, ఒక ఈసీజీని డాక్టరు చెప్పకముందే చదివి, మీ అభిప్రాయం కాగితం మీద రాసి, ఆ తర్వాత రౌండ్స్‌లో సరిచూసుకోండి. తప్పులు బయటపడతాయి, పడనివ్వండి.

అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీని (మందుల శాస్త్రాన్ని) కూడా ఇలాగే చదవాలి. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయే స్థితిలో) బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మొదటి ఎంపిక అనీ, మ్యాప్ (సగటు ధమని రక్తపోటు) 65 లక్ష్యమనీ అందరూ బట్టీ పడతారు. డోసు పెంచుతున్నా 65 అందకపోతే ఏమేం పరిశీలించాలి, ఎవరికి ఎప్పుడు చెప్పాలి అన్నది మాత్రం కొందరే ఆలోచిస్తారు. అయితే ఒక హద్దు గుర్తుంచుకోండి. మందు మార్చే అధికారం మీ తెలివి వల్ల రాదు, ఆసుపత్రి రాతపూర్వకంగా ఆమోదించిన ప్రొటోకాల్ వల్ల వస్తుంది. నోటిమాట మీద డోసులు మార్చే అలవాటు ఉన్న చోట ఇబ్బంది వస్తే ముందు నిలబడవలసింది మీరే.

చేసిన కేసులు నమోదు చేసే లాగ్‌బుక్‌ను నెలాఖరున ఒకేసారి నింపి సంతకాలు పెట్టించుకునే పద్ధతి చాలా కళాశాలల్లో ఉంది. మీరు ఆ పని చేయవద్దు. రోగి పేరు, గుర్తించగల వివరాలు లేకుండా, మీ అంచనా ఏమిటి, ప్రిసెప్టర్ (వార్డులో మీకు నేర్పే సీనియర్) ఏమన్నారు, ఫలితం ఏమైంది అని కేసు జరిగిన రోజునే రాసుకుంటే, ఇంటర్వ్యూలో చూపడానికి అంతకు మించిన ఆధారం ఉండదు. పరిశోధనకు కూడా ప్రశ్నావళి పంచి జ్ఞాన స్థాయి కొలిచే అంశం కాకుండా, మీ ఐసీయూలో వెంటిలేటర్ రోగుల తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో నిజంగా ఉంటోందా అన్నటువంటి ఆడిట్ తీసుకోండి. ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే అత్యవసర శిక్షణ) సర్టిఫికెట్ గడువు రెండేళ్లే కనుక దాన్ని రెండో సంవత్సరం చివర్లో తీసుకోవడం మంచిది.

సిలబస్‌లో పెద్దగా కనిపించని నైపుణ్యం మరొకటి ఉంది. వెయిటింగ్ హాల్లో కూర్చున్న పెద్దాయన “ప్రాణానికి ఢోకా లేదు కదమ్మా?” అని అడిగితే, “డాక్టరు గారిని అడగండి” అని తప్పించుకోవడం గానీ, “ఏం భయం లేదండీ” అనడం గానీ తగదు. “ఈ రోజు బీపీ మందుల మీదే నిలబడుతోందండీ, ఇంకా ప్రమాదం దాటలేదు, సాయంత్రం డాక్టరు గారు మీతో మాట్లాడేటప్పుడు నేనూ ఉంటాను” అని తేట తెలుగులో చెప్పగలగాలి. ఇంగ్లిషులో కేసు ప్రజెంట్ చేసినంత శ్రద్ధగా దీన్నీ సాధన చేయండి.

ఇక మీ అమ్మానాన్నల మాట. వారి ఆందోళనకు అర్థం ఉంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జరిగే నార్‌సెట్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు. మీ వయసు లెక్క చూసుకుని, కోర్సు ముగిశాక కనీసం రెండు ప్రయత్నాలకు వీలుందంటే ఇప్పుడు చదువు వదలనక్కర్లేదు. విదేశాల విషయంలో మాత్రం భ్రమలు వద్దు. మన ఎమ్మెస్సీతో అమెరికాలో నేరుగా నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేయనివ్వరు. ముందు అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి, తర్వాత అక్కడి మాస్టర్స్ లేదా డాక్టరేట్, జాతీయ సర్టిఫికేషన్, రాష్ట్ర లైసెన్సు కావాలి.

కోర్సు తర్వాత ప్రైవేటు ఆసుపత్రిలో చేరేటప్పుడు జీతం కన్నా ముందు మూడు సంగతులు అడగండి: నియామక పత్రంలో హోదా ఏమని రాస్తారు, క్లినికల్ విషయాల్లో మీరు ఎవరికి జవాబుదారీ, నర్స్ ప్రాక్టీషనర్ ఏమేం చేయవచ్చో తెలిపే లిఖిత ప్రొటోకాల్ ఉందా. మూడోదానికి “చేరాక చూద్దాం” అన్న జవాబు వస్తే, వారు వెతుకుతున్నది స్టాఫ్ నర్సునేనని అర్థం చేసుకుని, జీతం మాట ఆ లెక్కనే మాట్లాడండి.