NFL (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్)లో 14 మిలియన్ డాలర్ల ఆటగాడిని తీసేస్తే శాలరీ క్యాప్‌లో (జట్టు ఏటా ఆటగాళ్లకు పెట్టగల ఖర్చు పరిమితి) 2 మిలియన్లే ఎందుకు మిగిలాయి?

కారణం సైనింగ్ బోనస్, అంటే సంతకం చేసినందుకు ఇచ్చే డబ్బు; క్యాప్ లెక్కలో దాన్ని కాంట్రాక్టు ఏళ్లకు పంచుతారు. మీ ప్రశ్నలోని కాంట్రాక్టులో బోనస్ 20 మిలియన్ డాలర్లు, 5 ఏళ్లకు పంచారు, అంటే ఏటా 4. ఇప్పుడు మూడో ఏడు. జీతం 10, దానికి గ్యారంటీ లేదు (తీసేస్తే ఇవ్వక్కర్లేదు). 10 + 4 = 14.

1. మార్చిలో తీసేస్తే 10 పోతుంది. కానీ మిగిలిన మూడేళ్ల బోనస్, 12 మిలియన్లూ, ఒకేసారి ఈ ఏడాది లెక్కలో పడుతుంది. 14 – 12 = 2. మీ లెక్క తప్పేమీ కాదు.

2. "పోస్ట్ జూన్ 1" కట్‌గా (జూన్ 1 తర్వాత తీసేసినట్టు లెక్క) ప్రకటిస్తే ఈ ఏడాది 4, వచ్చే ఏడాది 8. అప్పుడు 10 మిగులుతాయి. 2024లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు తన ఆటగాడు రసెల్ విల్సన్ విషయంలో భారాన్ని ఇలాగే రెండేళ్లకు పంచింది.

3. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆ 10 మార్చిలో చేతికి రావు. ఆటగాడు వెళ్లిపోయినా జూన్ 2 దాకా పూర్తి 14 మీ లెక్కలోనే ఉంటుంది. ఫ్రీ ఏజెన్సీలో (కాంట్రాక్టు లేని ఆటగాళ్లను తీసుకునే సమయంలో) ఆ డబ్బు ఖర్చుపెట్టేశారంటే క్యాప్ దాటేస్తారు, టెన్షన్ అక్కడే మొదలవుతుంది. దాన్ని డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న కొత్త ఆటగాళ్ల జీతాలకు ఉంచుకోండి.

ఇలా ముందే ప్రకటించే "పోస్ట్ జూన్ 1" కట్‌లు ఒక జట్టుకు ఏడాదికి రెండే.