శ్రీనూ, చేయి అడ్డుపెట్టకు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరుతున్నావని అక్క ఫోనులో చెప్పింది. 22 ఏళ్లు అక్కడే స్లాబుల, అంటే కోసిన రాతి పలకల, లోడింగు చేసినవాణ్ని. విసుక్కోకుండా చదువు.

జారే స్లాబుకు చేయి అడ్డుపెట్టకు. పది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, రెండు సెంటీమీటర్ల మందమున్న గెలాక్సీ గ్రానైట్ స్లాబు మూడు వందల కిలోలు దాటుతుంది. స్టాండుకు ఆనించి ఉంటే తలుపు రెక్కలా తేలిగ్గా కనిపిస్తుంది, మోసమంతా అక్కడే. ఒకసారి మావాళ్లు స్టాండుకు ఒకే పక్క నుంచి వరసగా తీసేశారు. రెండో పక్కనున్న స్లాబుల బరువుకు స్టాండు ఒరిగింది. అటువైపు నా పక్కనున్న కుర్రవాడు రెండు చేతులూ చాచాడు, స్లాబు ధర గుర్తొచ్చిందేమో పాపం. కాలరు పట్టి లాగాను. చొక్కా చిరిగింది, మనిషి దక్కాడు. నా ఎడమకాలి బొటనవేలు దక్కలేదు. చిన్నప్పుడు నా నడక చూసి నవ్వేవాడివే, అదీ కథ.

అందుకే అటొకటి, ఇటొకటి తీయించు. నువ్వు స్లాబు ముందు కాదు, దాని చివర నిలబడు.

ఫోర్క్‌లిఫ్టు (బరువులెత్తే బండి) వెనక చక్రాలతో తిరుగుతుంది. ముందు భాగం కుడికి తిరిగితే తోక ఎడమకు ఊగుతుంది. లారీలా తిరుగుతుందనుకుని పక్కన నిలబడ్డవాడు గోడకూ బండికీ మధ్య ఇరుక్కుంటాడు. కోత మిషన్ల దగ్గర రాతి బురద మీద బ్రేకు కూడా నమ్మకం కాదు. డ్రైవరు నిన్ను చూసి తల ఊపాకే దారి దాటు. ముందుండే ఇనుప ఫోర్కుల మీద నిలబడి బల్బు మార్చమంటారు, కుదరదని చెప్పు.

రేపు నీకూ తోలడం నేర్పుతారు. ఎంత బరువు ఎంత దూరంలో మోయగలదో బండి మీది రేకులో ఉంటుంది, ముందు అది చదువు. అదే బరువు ఫోర్కుల చివరికి జరిగితే బండి ముందుకు వాలిపోతుంది. బెల్టు పెట్టుకో. బండి పక్కకు ఒరిగితే దూకకు, దూకినవాడి మీదే పైకప్పు చట్రం పడుతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకుని బండి ఒరిగే వైపుకు కాదు, దానికి వ్యతిరేక దిశలో వాలు.

ఈఎస్ఐలో (కార్మికుల బీమాలో) నీ పేరు చేర్చారో లేదో మొదటి నెలలోనే అడుగు. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులకు 90 శాతం జీతం వస్తుంది. చిన్న దెబ్బైనా ప్రమాదాల పుస్తకంలో రాయించు. నేను రాయించలేదు. ఇంటి దగ్గర పడ్డానని చెప్పమన్నారు, ఖర్చంతా మేమే చూసుకుంటామన్నారు. మొదటి కట్టు ఖర్చు చూసుకున్నారు.

ఆదివారం ఒంగోలు వచ్చి ఇనుప మూతి బూట్లు తీసుకెళ్లు. ఒక సైజు పెద్దవి కొన్నాను, మందం మేజోళ్లు వేసుకో.

మీ మామయ్య