ఓడితే తప్పు ఎవరిది? వీడియో గేముల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే అనుమానం: గేమ్ బాగోలేదా, నాకు ఆడటం రాలేదా? చచ్చాక ఎందుకు చచ్చామో తెలిస్తే తప్పు మనది. పదిసార్లు చచ్చినా తెలియకపోతే గేమ్‌ది. ఈ కొలతతోనే కింద జవాబులు రాశాం.

ప్రశ్న: ఎల్డెన్ రింగ్ గొప్ప గేమ్ అని అందరూ అంటుంటే డిస్కౌంట్‌లో కొన్నాను. కోట ముందు వంతెన మీద మార్గిట్ అనేవాడి చేతిలో యాభైసార్లు చచ్చాను. తీసేయమంటారా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

తీసేయకండి, కానీ ముందు ఆ వంతెన దిగి వెనక్కి రండి. 2022లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఈ గేమ్‌లో మార్గిట్ చెక్‌పోస్టు లాంటివాడు. ఊరంతా తిరిగి బలం పెంచుకుని రమ్మని చెప్పడానికే వాణ్ని అక్కడ నిలబెట్టారు. ఆ మాట గేమ్ నోటితో చెప్పదు, చంపి చెబుతుంది. అది గేమ్ తప్పే.

ఇక మీ తప్పు. మార్గిట్ కర్ర ఎత్తి, ఎత్తిన చెయ్యి గాల్లోనే కాసేపు ఆపుతాడు. చెయ్యి లేవగానే మీ వేలు రోల్ బటన్ మీద పడుతుంది. మీరు దొర్లి లేచేసరికి సరిగ్గా నెత్తిన కర్ర దిగుతుంది. చెయ్యి లేవడం చూసి నొక్కకండి, దిగడం మొదలయ్యాక నొక్కండి. దొర్లేది కూడా వెనక్కి కాదు, వాడి వైపుకే, చంక కిందుగా. దూరం జరిగి ప్రాణం నింపే మందు తాగబోయారా, వెలుగు బాకు విసురుతాడు. అందుకే వాడు పెద్ద దెబ్బ వేసి తేరుకునే లోపల తాగాలి.

మళ్లీ వెళ్లేముందు ఇవి చూసుకోండి. ఒంటి మీద బరువు మోయగలిగిన దాంట్లో 70 శాతం దాటితే రోల్ బస్తా దొర్లినట్టు ఉంటుంది, కాబట్టి కవచంలో ఒకటి రెండు ముక్కలు తీసేయండి. శత్రువుల్ని చంపితే వచ్చే రూన్లు ముందు విగర్‌లో, అంటే ప్రాణం పెంచే గుణంలో పెట్టండి, కనీసం 20 దాకా. కొత్తవాళ్లు దాదాపు అందరూ బలం మీద పోసి, ప్రాణం సంగతి వదిలేస్తారు. కత్తిని మూడు మెట్లు పెంచి +3 చేయండి. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గరున్న దాగలి మీద మామూలు కత్తికి మొదటి రకం స్మితింగ్ స్టోన్లు (కత్తి బలం పెంచే రాళ్లు) వరసగా 2, 4, 6 పడతాయి, అంటే మొత్తం 12. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ గనిలో గోడలు చూసుకుంటూ పోతే దొరుకుతాయి. దక్షిణాన వీపింగ్ పెనిన్సులాలో మూడు చర్చిలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో సేక్రెడ్ టియర్ ఉంటుంది, దాంతో మందు గుక్క బలం పెరుగుతుంది.

గుర్రం టొరెంట్ దొరికాక రాత్రిపూట చర్చ్ ఆఫ్ ఎల్లేకి వెళ్తే రెన్నా అనే మంత్రగత్తె గంట, మూడు తోడేళ్ల బూడిద ఇస్తుంది. గంట కొడితే ఆ తోడేళ్లు వచ్చి మన తరఫున పోరాడతాయి. మార్గిట్ మీదికి ముందు వాటిని వదలండి. వాడు వాటి వైపు తిరిగినప్పుడు వీపు మీద కొట్టండి. తలుపు బయట రోజియర్ అనే మంత్రవాదిని సాయానికి పిలిచే గుర్తు కూడా ఉంటుంది గానీ, అతన్ని పిలిస్తే మార్గిట్ ప్రాణం పెరుగుతుంది. తోడేళ్లతో పెరగదు. ఇది మోసం అనేవాళ్లుంటారు. గేమే చేతికిచ్చిన వస్తువు వాడుకోవడం మోసమెలా అవుతుంది?

ఇంకో కోపం: ఇందులో పాజ్ లేదు. బయట కొరియర్ వాడు బెల్ కొట్టినా మార్గిట్ ఆగడు. దొంగదారి ఒకటుంది. మెనూ తెరిచి, సహాయం బటన్ నొక్కి, మెనూ ఎక్స్‌ప్లనేషన్ అనేది ఎంచుకుంటే ఆట నిజంగానే ఆగిపోతుంది. పాజ్‌ని అక్కడ దాచడం ఏం రుచో అర్థం కాదు.

ప్రశ్న: ఆఫీసు ఒత్తిడి తగ్గుతుందని స్టార్‌డ్యూ వ్యాలీ పెట్టుకున్నాను. పొలం పని తెమలకముందే రోజు గడిచిపోతోంది, చేప ఒక్కటీ పడదు. ఉన్న ఒత్తిడికి ఇదొకటి తోడైంది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్)

ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేసిన గేమ్ ఇది. ప్రశాంతమైనదన్న పేరు సగమే నిజం. ఉదయం ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఉండే ఆ రోజు మన గడియారంలో 14 నిమిషాల పైచిలుకు, అంతే. ఆ గడియారం చూసి పరిగెత్తడం మొదలుపెడితే అది ఇంకో ఆఫీసే. ఒక రోజుకి ఒకే పని పెట్టుకోండి: ఇవాళ గని, రేపు చేపలు. రోజు వృథా అయినా పోయేదేమీ లేదు. మూడో ఏడాది మొదట్లో, పొలం రాసిచ్చి పోయిన తాతగారు ఆత్మగా వచ్చి మార్కులు వేస్తారని కంగారుపడేవాళ్లున్నారు. ఆ తర్వాత ఎప్పుడైనా పొలంలోని ఆయన స్మారకం దగ్గర ఒక వజ్రం పెడితే మళ్లీ వేస్తారు.

చేపల విషయానికొస్తే, మొదట్లో ఇచ్చే వెదురు గాలంతో, చేప బొమ్మ మీద నిలపాల్సిన ఆకుపచ్చ పట్టీ మరీ చిన్నగా ఉంటుంది. చేపలవాడు విల్లీ కొట్లో 25 బంగారానికి ట్రైనింగ్ రాడ్ కొనండి. కష్టమైన చేపలు పడవు గానీ పట్టీ పెద్దదవుతుంది, చెయ్యి కుదురుతుంది. బటన్ నొక్కి పట్టుకోవద్దు. పట్టీ పైకి దూసుకెళ్లి తిరిగి వచ్చేలోపు చేప జారిపోతుంది. టకటకమని చిన్న చిన్నగా తడుతూ చేప పట్టీ లోపలే ఉండేలా నిలపండి.

డబ్బుకి వసంతం 13వ తేదీ గుడ్ల పండగ కీలకం. ఆరోజు మాత్రమే స్ట్రాబెర్రీ విత్తనాలు 100 బంగారానికొకటి అమ్ముతారు. పండగ నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి పదవుతుంది, కాబట్టి పొద్దున్నే మడి తవ్వి, తడిపి ఉంచి వెళ్లండి. రాగానే విత్తనం పెట్టి పడుకోండి. 8 రోజులకి, అంటే 21న మొదటి కాపు, 25న రెండోది. ఒక్కో పండు 120కి పోతుంది. మర్నాటికి వాయిదా వేసినా 22న, 26న కాపు అందుతుంది. 16 తర్వాత నాటితే మాత్రం ఒక్క కాపే, ఎందుకంటే 28 దాటగానే ఋతువు మారి మొక్కలన్నీ ఎండిపోతాయి.

నీళ్ల డబ్బాని రాగితో బాగుచేయించడానికి 2000 బంగారం, 5 రాగి కడ్డీలు కావాలి. కమ్మరి క్లింట్ రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంటాడు. టీవీలో రేపు వాన అని చెప్పిన రోజు, పొద్దున నీళ్లు పోసేసి ఇవ్వండి. రేపటి పని వాన చూసుకుంటుంది, ఎల్లుండి డబ్బా మీ చేతికొస్తుంది. వాన కబురు వినకుండా ఇచ్చి పంట ఎదగక కూర్చోవడం అందరూ చేసే తప్పే.

పడుకుంటేనే సేవ్ అవుతుందని మాత్రం గుర్తుంచుకోండి. మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేస్తే ఆ రోజు పోయినట్టే.

ప్రశ్న: ఇంటర్నెట్ సెంటర్ రోజుల్లో జీటీఏ వైస్ సిటీలో బొమ్మ హెలికాప్టర్‌తో భవనంలో బాంబులు పెట్టే మిషన్ దాటలేకపోయాను. ఇప్పుడు లాప్‌టాప్‌లో వేస్తే హెలికాప్టర్ లేస్తోంది గానీ ముందుకే పోవడం లేదు. (గుంటూరు)

మీ లాప్‌టాప్‌కి కుడిపక్క అంకెల మీటలు లేకపోయి ఉండాలి. 2002 నాటి ఈ గేమ్ కంప్యూటర్‌లో హెలికాప్టర్‌ని ముందుకి, వెనక్కి వంచే పని ఆ మీటలకి అప్పగించింది. సెట్టింగుల్లో కంట్రోల్స్‌కి వెళ్లి వాటిని వేరే మీటలకి మార్చుకోండి.

రెండోది, ఆ రోజుల్లో చాలామందికి తెలియని సంగతి. గడియారం మిషన్ మొదలవగానే కాదు, మొదటి బాంబు ఎత్తుకున్నాకే తిరుగుతుంది. కాబట్టి ఖాళీగా భవనంలోకి వెళ్లి మెట్ల దారులు నేర్చుకోండి. అడ్డొచ్చే పనివాళ్లని రెక్కలతో ముందే తీసేయండి. అప్పుడు తీరిగ్గా వచ్చి బాంబు ఎత్తండి. నాలుగు బాంబులకి ఏడు నిమిషాలు బోలెడు. ఈ ఒక్క ముక్క తెరమీద రాసి ఉంటే ఎన్ని కీబోర్డులు బతికి బట్టకట్టేవో.

ప్రశ్న: మనవాళ్లు చేశారని రాజీ గేమ్ కొనొచ్చా? (హైదరాబాద్)

మనవాళ్లు చేశారని కొనకండి, గోడల కోసం కొనండి. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ఈ ఆటలో తమ్ముణ్ని రాక్షసులు ఎత్తుకుపోతే అక్క త్రిశూలం పట్టి బయల్దేరుతుంది. దారిలో గోడ చిత్రాల ముందు నిలబడితే పురాణ కథలు వినిపిస్తాయి. కోటలు, కొలనులు ఆగి చూడాలనిపించేలా ఉంటాయి. పోరాటం మాత్రం పట్టు తప్పింది. బటన్ నొక్కాక దెబ్బ పడటానికి ఆలస్యం, కెమెరా మన చేతిలో ఉండదు, దూకేచోట లోతు అంచనా తప్పి పడిపోతాం. అలా పడితే తప్పు మీది కాదు. ఐదారు గంటల్లో కథ సగంలో తెగినట్టు ముగుస్తుంది. తగ్గింపు ధరకి వస్తే తీసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. బీజీఎంఐలో (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోన్ తుపాకుల ఆట) మొదట్లో రోజూ గెలిచేవాడు, ఇప్పుడు ఓడిపోయి ఫోన్ విసిరికొడుతున్నాడు. కొత్త తుపాకీ స్కిన్ కొంటే గెలుస్తానంటున్నాడు. (గృహిణి, రాజమండ్రి)

కొనకండమ్మా. స్కిన్ అంటే తుపాకీకి రంగు చొక్కా. తూటా బలం పెరగదు. పైగా చాలా స్కిన్లు పెట్టెల్లో ఉంటాయి, డబ్బు కట్టినా కోరుకున్నది వస్తుందన్న హామీ లేదు. ఈ గేమ్‌లో మాకు నచ్చనిది అదే.

మొదట్లో గెలిచింది ఎందుకంటే, కింది ర్యాంకుల్లో ఎదురయ్యేవాళ్లలో చాలామంది మనుషులు కారు, కంప్యూటర్ నడిపే బాట్లు. నిలబడి గాల్లోకి కాలుస్తాయి. ర్యాంకు పెరిగేకొద్దీ అసలు మనుషులొస్తారు. మీవాడి ఆట తగ్గలేదు, ఎదుటివాళ్లు మారారంతే. ఈ సంగతి గేమ్ పిల్లలకి చెప్పదు, మీరు చెప్పండి.

ఫోన్ సంగతీ చూడండి. ఛార్జింగ్ పెట్టి ఆడితే వేడెక్కి, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ఇరవై నిమిషాల తర్వాత, అంటే సరిగ్గా ఆఖరి వలయంలో, బొమ్మ తడబడుతుంది. ఛార్జర్ పీకి, వెనక కవర్ తీసి, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టి ఆడమనండి. తెరమీద పింగ్ అంకె (ఇంటర్నెట్ ఎంత ఆలస్యమవుతోందో చూపేది) ఎర్రగా మారితే ఆ పూటకి ర్యాంక్ మ్యాచ్ వద్దు. గురి కుదరడానికి ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒకే తుపాకీతో రోజూ పావుగంట గోడ మీద కాల్చి, గుర్తులు ఎంత పైకి పాకుతున్నాయో చూసి, వేలిని అంత కిందికి లాగడం అలవాటు చేసుకోవాలి. వేలు కదిపితే గురి ఎంత వేగంగా కదలాలో చెప్పే సెన్సిటివిటీ సెట్టింగ్‌ని రోజుకోలా మారుస్తూ పోతే చెయ్యి ఎప్పటికీ కుదరదు.

ప్రశ్న: క్రికెట్ 07 ఇంకా ఎందుకు ఆడతారు? (విశాఖపట్నం)

ఏ పాత కంప్యూటర్‌లో వేసినా నడుస్తుంది, అభిమానులు ఇప్పటికీ కొత్త జట్లు, జెర్సీలు చేసి పంచుతున్నారు. బౌలింగ్ మాత్రం అప్పుడూ చప్పగానే ఉండేది. సిక్సులు మరీ తేలిగ్గా పడుతుంటే కష్టం స్థాయి పెంచి టెస్ట్ మ్యాచ్ పెట్టుకోండి, అప్పుడు ఒక్క సెషన్ నిలబడటమే గగనం.