తొందరపడి ఆకర్షణ పెంచకు

చి. శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

బెంగళూరు జక్కూరులో హాస్టల్ కుదిరిందని మీ నాన్న చెప్పాడు, సంతోషం. కొల్లాయిడ్ కణాలు, అంటే ద్రవంలో తేలాడే అతి చిన్న కణాలు, వాటంతటవే స్ఫటికంగా ఎలా అమరతాయో మోడల్ కడతానన్నావు కదా, చాలా ఇష్టమైన సంగతి నాకది.

ముందు ఆకర్షణ అన్నదే లేని గట్టి గోళాలు తీసుకో. అవీ స్ఫటికమవుతాయని 1957లోనే ఆల్డర్, వైన్‌రైట్ కంప్యూటర్ మీద చూపించారు. 1986లో ప్యూసీ, వాన్ మేగన్ ప్లాస్టిక్ కణాలతో ప్రయోగంలోనే చూపించారు. గోళాలు పెట్టెలో 0.494 వంతు నిండితే గడ్డకట్టడం మొదలు, 0.545 దాటితే అంతా స్ఫటికమే. నీ ప్రోగ్రాంలో ఈ రెండు అంకెలూ రాకపోతే ముందుకు వెళ్లకు. వరసలో ఉంటేనే ఒక్కో గోళానికీ కదలడానికి చోటెక్కువ, అందుకే అలా నిలబడతాయి. కదిలే చోటు పెరిగితే ఎంట్రోపీ పెరిగినట్టే, కాబట్టి ఎంట్రోపీ అంటే గందరగోళమని కాలేజీలో నేర్చుకున్నది ఇక్కడ పక్కన పెట్టేయ్.

ఆకర్షణ ఆ తర్వాతే. చాలామంది పిల్లలు ఇక్కడే తొందరపడతారు. రెండు రోజులు ప్రోగ్రాం నడిపినా స్ఫటికం కట్టడం లేదని ఆకర్షణ బలం పెంచేస్తారు, తెర మీద ముద్ద కనబడగానే స్ఫటికం వచ్చేసిందంటారు. ఆ ముద్దలోంచి ఒక్కో కణం తీసి పొరుగువాటిని లెక్కపెట్టు. ఒకదానికి 12 ఉండి, పక్కదానికి ఏడే ఉండి, మధ్యలో ఖాళీలుంటే అది జెల్, అంటే వరస లేకుండా అతుక్కుపోయిన ముద్ద. తప్పుచోట అతుక్కున్న కణం ఊడొచ్చి మళ్లీ సరైన చోటు వెతుక్కోగలగాలి. బంధం బలం కొద్దిపాటి కేటీల్లోనే ఉంచు (కేటీ అంటే వేడివల్ల కణాలకుండే కదలిక శక్తికి కొలత).

మరి ఎంతసేపటికీ మొదలవదే అంటావా? మొదటి మొలక, అంటే స్ఫటికపు తొలి చిన్న గుంపు, పుట్టడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి ఉపరితల శక్తి (స్ఫటికానికీ చుట్టూ ఉన్న ద్రవానికీ మధ్య సరిహద్దు ఏర్పడటానికి పట్టే శక్తి) ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ శక్తి 10 శాతం పెరిగితే అడ్డంకి 33 శాతం పెరుగుతుంది. 30 కేటీలది 40 అయిందనుకో, మొలకలు పుట్టే వేగం దాదాపు 20 వేల రెట్లు పడిపోతుంది. కాబట్టి ఊరికే కాచుకుని కూర్చోకు. చిన్న స్ఫటికపు ముక్కను నువ్వే నాటు. ఏ సైజులో కరుగుతోందో, ఏ సైజులో పెరుగుతోందో చూస్తే అడ్డంకి అంచనా దొరుకుతుంది.

వీలు చూసుకుని మేఖ్రీ సర్కిల్ దగ్గర రామన్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిరా. బిళ్లల్లాంటి అణువులు దొంతరలుగా పేరుకుని ద్రవ స్ఫటికం (ద్రవంలా పారుతూనే కొంత వరస ఉండే పదార్థం) అవుతాయని 1977లో ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ అక్కడే కనిపెట్టారు. గోళాల పని అయ్యాక బిళ్లలకి మోడల్ కట్టాలని నా కోరిక.

మొలక లెక్కలు వచ్చాక మల్లేశ్వరం ఇంటికి రా, గ్రాఫులు ఇద్దరం కలిసి చూద్దాం. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మీ పెద్దనాన్న