లెక్కల్లో సొంత ఆలోచన పుట్టుకతోనే రావాలా?

"ఏడో తరగతి చదివే మా వాడికి లెక్కల్లో మార్కులు బాగానే వస్తాయి, సొంతంగా మాత్రం ఏమీ ఆలోచించడు. క్రియేటివిటీ పుట్టుకతో రావాల్సిందేనా?" అని అడిగారు.

చాలా ఏళ్లుగా హైస్కూల్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. నేను చూసినంతలో, జవాబు వచ్చాక కూడా ఇంకో ప్రశ్న వేసుకుని, విసుగొచ్చినా దాన్ని వదలని పిల్లలకే సొంత ఆలోచన వస్తుంది. మనమేమో జవాబు రాగానే టిక్కు పెట్టి తర్వాతి లెక్కకి తోసేస్తాం.

టైమ్ మిగిలినప్పుడు పిల్లలతో 6174 ఆట ఆడిస్తుంటాను. అన్నీ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి రాసి తీసివేయండి. వచ్చినదాంతో మళ్లీ అదే పని. 3524 అయితే 5432 - 2345 = 3087, తర్వాత 8730 - 0378 = 8352, ఆపైన 8532 - 2358 = 6174. అక్కడి నుంచి ఇక కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపే అక్కడికి చేరుతుంది. దీన్ని కనిపెట్టిన డి.ఆర్. కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవలాలీలో స్కూల్ టీచర్. పెద్ద యూనివర్సిటీ ఉద్యోగమేమీ లేదు, సంఖ్యలతో ఆడుకోవడం మాత్రం జీవితమంతా మానలేదు.

చాలామంది "భలే ఉంది సార్" అని, పరీక్షలో రాదని తెలిశాక మర్చిపోతారు. ఒక అమ్మాయి మాత్రం "మూడంకెలైతే?" అంది. నాకు జవాబు తెలుసు, చెప్పలేదు. రఫ్ నోట్‌బుక్‌లో పేజీల కొద్దీ తీసివేతలు చేసుకొచ్చింది. 821 నుంచి 693, 594, ఆ తర్వాత 495. అన్నీ 495 దగ్గరే ఆగుతున్నాయి. అంతకంటే నాకు నచ్చింది వేరే ఉంది. ప్రతి జవాబులో మధ్య అంకె 9 అని గమనించి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టింది.

"ఎందుకంటావ్?" అన్నాను. కాసేపు పెన్ను కొరికి తనే చెప్పింది: "పదుల స్థానంలో పైనా కిందా ఒకే అంకె కదా సార్. పైది ఒకట్లకి అప్పిచ్చి ఒకటి తగ్గింది. తను మళ్లీ వందల దగ్గర అప్పు తెచ్చుకోవాలి. పదిలో ఒకటి పోతే తొమ్మిదే." ఈ అప్పులు అందరూ మూడో తరగతి నుంచి చేస్తున్నవే! అన్ని తీసివేతలు వరసగా కళ్ల ముందు లేకపోతే ఆ 9 తన కంట పడేది కాదు. ఒక్క లెక్కతో ఆపేసిన పిల్లలు తెలివి తక్కువవాళ్లేం కాదు, వాళ్లకి చూడ్డానికి ఏమీ మిగల్లేదంతే.

తర్వాత ఐదంకెల మీద పడింది. అక్కడ అన్నీ వచ్చి ఆగే ఒకే సంఖ్య అంటూ లేదు. 53955 నుంచి 59994, దాన్నుంచి మళ్లీ 53955, ఇలా తిరుగుతూనే ఉంటాయి. తనకి కోపం వచ్చింది గానీ పుస్తకం మూయలేదు.

మీ వాడికి మూడంకెలతో మొదలుపెట్టండి. నాలుగంకెల్లో మధ్యలో ఒక్క అప్పు తప్పితే లెక్క ఎటో పోతుంది, చిరాకేసి వదిలేస్తాడు. 099 లాంటిది వస్తే ముందున్న సున్నాని వదలొద్దని చెప్పండి. వాడు అడిగేదాకా యూట్యూబ్‌లో వివరణ మాత్రం చూపించకండి.